మా నాన్న నల్ల బ్యాడ్జీ

మేముండే చోటుని దుబాయ్‌లో అందరూ ఇంటర్నేషనల్ సిటీ అంటారు. అసలు పేరు అల్ వర్సాన్. నఖీల్ సంస్థ ఈ కాలనీ కట్టి పేటకో దేశం పేరు పెట్టింది. నేను ఫ్రాన్స్‌లో ఉంటాను. మా మిత్రుల్లో ఒకాయన రష్యాలో, ఇంకొకాయన గ్రీసులో ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో పెరుగు అయిపోతే లుంగీతోనే దేశం దాటి వెళ్లి పాకెట్టు పట్టుకొచ్చే తెలుగువాణ్ణి చూడాలంటే మీరు ఇక్కడికే రావాలి. పక్కనే 2004లో తెరిచిన డ్రాగన్ మార్ట్. గాలి తిరిగిన రోజున అల్ అవీర్ మురుగునీటి శుద్ధి కేంద్రం కూడా పక్కనే ఉందని ముక్కుకి తెలుస్తుంది. అద్దె తక్కువ. అందుకే మనవాళ్లు ఎక్కువ.

శనివారం సాయంత్రం ఐదారుగురం ఒక కెఫెటేరియా బయట ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కరక్ చాయ్ తాగుతాం. అందరిదీ సాఫ్ట్‌వేరే. ఫోన్లలో ఒకరి పేరు ఒకరం చేసే పనిని బట్టి రాసుకున్నాం కాబట్టి అసలు పేర్లు చటుక్కున గుర్తురావు. మెయిన్‌ఫ్రేమ్ అన్నకి ఏభై ఎనిమిదేళ్లు. శాప్ బావ నాకన్నా ఏడాది పెద్ద. టెస్టింగ్ తమ్ముడు అందరికన్నా చిన్నవాడు, అంటే నలభై ఒకటి. నన్ను జావా మాస్టారు అంటారు. ఆ బిరుదు ఎలా వచ్చిందో తరవాత చెబుతాను.

మా కబుర్లకి ముడిసరుకు ఆ వారం వచ్చిన టెక్నాలజీ వార్తలు. ఏ వార్త వచ్చినా ముందు ఒక జోకు పడాల్సిందే. 2024 ఫిబ్రవరిలో ఇక్కడే, మా టీకొట్టుకి అరగంట కారు ప్రయాణం దూరంలో, ప్రపంచ ప్రభుత్వాల సదస్సు జరిగింది. ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ వేదిక మీద యూఏఈ కృత్రిమ మేధ మంత్రి ఒమర్ అల్ ఒలామాతో మాట్లాడుతూ, ఇకమీదట పిల్లలెవరూ ప్రోగ్రామింగ్ నేర్చుకోనక్కర్లేదన్న అర్థం వచ్చే మాటలన్నాడు. మనిషి మాట్లాడే భాషే ప్రోగ్రామింగ్ భాష అయిపోతుందట. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగి శనివారానికి మా టేబుల్ దగ్గరికి చేరింది.

"కొబ్బరికాయలమ్మేవాడు గుడికి రమ్మంటాడు గానీ, ఇంట్లోనే దణ్ణం పెట్టుకోమంటాడా?" అన్నాడు శాప్ బావ. ఆ చిప్పులమ్మేది ఆయనే కదా అని.

"నా ఉద్యోగం పోతుందని మొదటిసారి చెప్పినప్పుడు నాకింకా మీసాలే రాలేదు," అన్నాడు మెయిన్‌ఫ్రేమ్ అన్న.

అందరం నవ్వాం. ఆ వీడియో సంగతి అక్కడితో మర్చిపోయాం.

2025 జులైలో తెనాలి నుంచి మా అక్క కొడుకు అదే వీడియో ముక్క నాకు పంపించాడు. కింద ఒక మెసేజి. "మామయ్యా, సీఎస్‌ఈ పెట్టనా, ఈసీఈ పెట్టనా? రేపు సాయంత్రంలోగా వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చెయ్యాలి. నువ్వు ఏది చెబితే అది."

నాకు తెలిసిన జోకులన్నీ ఒకసారి మనసులో తిప్పి చూసుకున్నాను. ఒక్కటీ ఆ కుర్రాడికి పంపడానికి పనికిరాలేదు. అందుకని ఆ రాత్రి కూర్చుని, మేం ఇన్నేళ్లుగా దేనికి నవ్వుతున్నామో మొదటినుంచీ గుర్తు చేసుకున్నాను. ఈ వ్యాసం ఆ రాత్రి లెక్క.

ప్రోగ్రామర్లు అక్కర్లేదనే మాట ప్రోగ్రామర్లంత పాతది. 1959లో అమెరికా రక్షణశాఖ చొరవతో ఒక కమిటీ కూర్చుని కోబాల్ భాషకి రూపం ఇచ్చింది. ఇంగ్లీషు వాక్యాల్లా ఉంటుంది కాబట్టి మేనేజర్లే చదువుకుంటారు, వీలైతే వాళ్లే రాసుకుంటారని ఆశ. మేనేజర్లు రాయలేదు, చదవనూ లేదు. కోబాల్ ప్రోగ్రామర్లనే కొత్త కులం ఒకటి పుట్టింది. 1981లో ఇంగ్లండులో 'ది లాస్ట్ వన్' అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మీరు అడిగింది అదే బేసిక్‌లో రాసి పెడుతుంది. ఇదే మీరు కొనే చివరి ప్రోగ్రామ్ అన్నది ఆ పేరుకి అర్థం. మెయిన్‌ఫ్రేమ్ అన్న మీసాల సంగతి దీని గురించే. దాదాపు అదే కాలంలో జేమ్స్ మార్టిన్ అనే పెద్దమనిషి ప్రోగ్రామర్లు లేకుండా అప్లికేషన్లు తయారుచేసుకోవడం మీద ఏకంగా పుస్తకమే రాశాడు. నాలుగోతరం భాషలన్నారు, కేస్ టూల్స్ అన్నారు. అవన్నీ వచ్చాయి, వాటిల్లో పనిచెయ్యడానికి మళ్లీ ప్రోగ్రామర్లే కావాల్సొచ్చింది.

1986లో ఫ్రెడ్ బ్రూక్స్ దీనికి కారణం రాశాడు. ఈ పనిలో కష్టం కోడ్ టైపు చెయ్యడంలో లేదు, ఏం కట్టాలో తేల్చుకోవడంలో ఉంది, అందుకని ఒక్క దెబ్బతో అన్నీ తీర్చే మంత్రం ఏదీ ఉండదని ఆయన వాదన. మా మెయిన్‌ఫ్రేమ్ అన్న దీన్ని తన పద్ధతిలో చెబుతాడు. "క్లయింటుకి తనకేం కావాలో తెలిసిన రోజున మన ఉద్యోగాలు పోతాయి. అప్పటిదాకా భయం లేదు."

ఇదంతా సీమ కథ. మన కథ వేరే చోట మొదలవుతుంది.

హైదరాబాదు, కంప్యూటర్లు అనగానే అందరికీ సైబర్ టవర్స్ గుర్తొస్తుంది. కానీ ఈసీఐఎల్ అక్కడ 1967లోనే మొదలైంది. 1969 నాటికే టీడీసీ-12 అనే కంప్యూటర్ని బయటికి తెచ్చింది. 1978లో ఐబీఎం మన దేశం వదిలి వెళ్లిపోయింది. అప్పటికి ఊళ్లల్లో కంప్యూటర్ని చూసినవాళ్లు లేరు గానీ, దాని పేరు చెబితే భయపడేవాళ్లు మాత్రం తయారయ్యారు. వాళ్లలో మా నాన్న ఒకరు.

మా నాన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో గుమాస్తా. లెడ్జర్లు రాసేవారు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. 1980ల మధ్యలో ఒకసారి చొక్కా మీద నల్ల బ్యాడ్జీ పెట్టుకుని ఆఫీసుకి వెళ్లడం నాకు లీలగా గుర్తు. ఎవరు పోయారని అడిగితే అమ్మ, "ఎవరూ పోలేదు, ఏదో మెషీన్ వస్తోందట" అంది.

ఆ మెషీన్ల కథ ఇదీ. బ్యాంకుల యాజమాన్యాలకీ ఉద్యోగ సంఘాలకీ మధ్య 1983లో ఒక ఒప్పందం కుదిరింది. ఎలాంటి యంత్రాలు, ఎన్ని, ఎక్కడ పెట్టొచ్చు, వాటి మీద కూర్చునేవాళ్లకి అలవెన్సు ఎంత అన్నీ అందులో మాట్లాడుకున్నారు. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. 1987లో ఇంకో ఒప్పందం. బ్రాంచీల్లోకి ముందుగా వచ్చింది ఏఎల్‌పీఎం అనే లెడ్జర్ పోస్టింగ్ మెషీన్. నాన్న బ్రాంచిలో దానికో గది కట్టి ఏసీ పెట్టారు. ఊళ్లో అంతకుముందు ఏసీ ఉన్నది సినిమా హాల్లోనేట. ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. "అమ్మవారిలాగానే ఉంది, కాకపోతే ప్రసాదం పెట్టదు," అనేవారు నాన్న. మా ఇంట్లో టెక్నాలజీ మీద పడిన మొదటి జోకు అదే.

కాలేజీ రోజుల్లో ఆ బ్యాడ్జీని తలుచుకుని మేం నవ్వేవాళ్లం. కంప్యూటర్ని ఆపాలనుకున్నారు పాపం అమాయకులు, అని.

నేను డిగ్రీలో చేరేసరికి ఊరంతా వైటూకే మాటే. జ్ఞాపకశక్తి ఖరీదుగా ఉన్న రోజుల్లో పొదుపు కోసం సంవత్సరాన్ని రెండంకెల్లో దాచారు. బాబ్ బీమర్ లాంటివాళ్లు ఇది ముందుముందు కొంప ముంచుతుందని 1970లలోనే చెప్పారు. ఎవరూ వినలేదు. తీరా 1990ల చివరికొచ్చేసరికి కోట్ల లైన్ల కోబాల్ తిరగెయ్యాల్సి వచ్చింది. అమెరికాలో ఎవరికీ అక్కర్లేని ఆ పాత భాషని అమీర్‌పేటలో మూడు నెలల్లో నేర్పేశారు. మా మెయిన్‌ఫ్రేమ్ అన్న అలా వెళ్లినవాడే. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించారు. హెచ్-1బీ వీసాల పరిమితి 65,000 నుంచి 1999లో 1,15,000కి పెరిగింది. పెళ్లి సంబంధాల వాళ్లు పొలం ఎన్నెకరాలని అడగడం మాని ఏ ప్లాట్‌ఫారం అని అడిగారు. మా ఊళ్లో ఒకాయన రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం అనుకుని మూడో నంబరు అని చెప్పాడని జోకు.

2000 జనవరి 1 తెల్లవారింది. పెద్దగా ఏమీ కాలేదు. దాంతో అదంతా బూటకం అన్నవాళ్లు బయల్దేరారు. అన్న ఇప్పటికీ ఆ మాటకి కోపం తెచ్చుకుంటాడు. "రాత్రంతా కాపలా కాశాం కాబట్టి దొంగ రాలేదు. పొద్దున్నే లేచి, అసలు దొంగే లేడు, జీతం దండగ అన్నారు."

ఆ ఏడాది మార్చి 10న నాస్‌డాక్ 5,048 దగ్గర ఉంది. 2002 అక్టోబర్‌కి 1,114. నా ఎమ్మెస్సీ కంప్యూటర్స్ సరిగ్గా ఈ రెండు అంకెల మధ్య జరిగింది. అమెరికా వెళ్లిన సీనియర్లు సూట్‌కేసులతో తిరిగొచ్చి మాతోపాటు అమీర్‌పేటలో దిగారు. వింత చూడండి. 2001 నుంచి 2003 దాకా హెచ్-1బీ పరిమితి 1,95,000 ఉంది, ఉద్యోగాలు లేవు. 2004లో ఉద్యోగాలు మళ్లీ మొదలయ్యేసరికి పరిమితి 65,000కి పడిపోయింది. భోజనం ఉన్నప్పుడు ఆకలి లేదు, ఆకలేసేసరికి విస్తళ్లు ఎత్తేశారు.

నేను ఎనిమిది నెలలు మైత్రీవనం దగ్గర ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పాను. బయట బోర్డు మీద 'రియల్ టైమ్ అనుభవం గల ఫ్యాకల్టీ' అని రాసి ఉండేది. ఆ ఫ్యాకల్టీని నేనే. అప్పటికి నేను ఒక్క రోజు కూడా ఏ కంపెనీలోనూ పనిచెయ్యలేదు. నా దగ్గర నేర్చుకున్న కుర్రాడికి నాకన్నా ముందు ఉద్యోగం వచ్చింది. ఈ కథ చెప్పినందుకే నేను జావా మాస్టార్నయ్యాను.

2008లో దుబాయ్ వచ్చాను. ఇక్కడ ఇంటర్నెట్ సిటీ అని ఒకటుంది. 1999 అక్టోబర్‌లో ప్రకటించి 2000 అక్టోబర్‌లో ప్రారంభించేశారు. మన ఊళ్లో కల్వర్టు కట్టడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. నేనొచ్చిన కొద్ది నెలలకే, 2009 జనవరి 7న, సత్యం రామలింగరాజు ఉత్తరం వచ్చింది. లెక్కల్లో ఏడు వేల కోట్ల రూపాయలకి పైగా తేడా. పులి మీద స్వారీ చేశాను, ఎలా దిగాలో తెలియలేదన్నది ఆయన బాధ. తెలుగువాళ్లకి సాఫ్ట్‌వేర్ అంటే ఆ పేరే గుర్తొచ్చే రోజులవి. ఆ వారం మేం నవ్వడానికి వారం పట్టింది. చివరికి ఎవరో అన్నారు, "బ్యాలెన్స్ షీటు తప్పు గానీ కోడ్ కరెక్టేరా" అని. నిజమే. అంత గొడవలోనూ ఆ కంపెనీ ఇంజనీర్లు క్లయింట్ల సిస్టమ్స్ నడిపారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని తీసుకుంది. అదే ఏడాది నవంబర్‌లో దుబాయ్ వరల్డ్ సంస్థ తన అప్పులు కట్టడానికి గడువు అడిగింది. క్రేన్లు ఆగిపోయాయి. నేను దిగిన రెండు ఊళ్లూ ఒకే ఏడాది కుదేలయ్యాయని మావాళ్లు నన్ను కొత్త ప్రాజెక్టుల దగ్గరికి రానిచ్చేవారు కాదు.

తరవాతి వార్తలు మీకు తెలిసినవే. 2016లో దుబాయ్ బ్లాక్‌చెయిన్ వ్యూహం. 2017లో ప్రపంచంలోనే మొదటి కృత్రిమ మేధ మంత్రి. 2022లో మెటావర్స్ వ్యూహం. మెటావర్స్ గురించి శాప్ బావ తీర్పు మా కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఫ్రాన్స్, రష్యా, గ్రీసు, చైనా అన్నీ నడిచే దూరంలో ఉన్నాయి, ఏదీ నిజంది కాదు. మనం పదేళ్లుగా మెటావర్స్‌లోనే కాపురం ఉంటున్నాం, కళ్లజోడు కూడా అక్కర్లేదు."

2024 ఏప్రిల్ 16న ఈ దేశంలో 1949 నుంచి లెక్కలున్నంతలో ఎన్నడూ లేని వాన కురిసింది. మా వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. ఆ రోజుల్లో నేనో క్లయింటు సర్వర్లన్నీ క్లౌడ్‌కి మారుస్తున్నాను. "క్లౌడ్‌కి పోదాం, పోదాం అన్నావు. నీకు శ్రమెందుకని క్లౌడే ఇంటికొచ్చింది," అని ఫోను.

మూడు నెలలకి, జులై 19న, క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక అప్‌డేట్ వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. విచారించి చూస్తే ఒక చోట 21 విలువలు రావాలి, 20 మాత్రమే అందుతున్నాయి. రెండంకెల సంవత్సరంతో బతుకు మొదలుపెట్టిన మెయిన్‌ఫ్రేమ్ అన్న ఆనందం అంతా ఇంతా కాదు. "ఏభై ఏళ్లయినా మనవాళ్లకి లెక్కపెట్టడం రాలేదు. మనం ఎక్కడికీ పోం," అన్నాడు.

ఆ రాత్రి ఇంతవరకూ గుర్తు చేసుకుని, బాగానే ఉందనుకున్నాను. ప్రతిసారీ భయపెట్టారు, ప్రతిసారీ మిగిలాం. ఇదే మేనల్లుడికి రాద్దామని ఫోను తీశాను.

టెస్టింగ్ తమ్ముడి పాత మెసేజి పైన కనిపించింది. "అన్నా, ఫ్రిజ్ ఎవరికైనా కావాలేమో చూడు."

అప్పటికి నెల క్రితం, జూన్‌లో, తమ్ముడు ఈ ఊరు వదిలి వెళ్లిపోయాడు. అతనిది పదిహేనేళ్ల టెస్టింగ్. విన్‌రన్నర్ రోజుల్లో అమీర్‌పేటలో నేర్చుకుని, టూల్ మారినప్పుడల్లా తనూ మారుతూ వచ్చాడు. ఈసారి వాళ్ల కంపెనీలో టెస్ట్ కేసులు రాసే పని కృత్రిమ మేధకి అప్పజెప్పారు. పదకొండు మంది టీములో ఇద్దరు మిగిలారు. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే గడువులోగా ఇల్లు ఖాళీ చెయ్యాలి. పిల్లల స్కూలు ఫీజు, అద్దె చెక్కు, బ్యాంకు లోను, అన్నీ వరసలో నిలబడతాయి.

2023 జనవరిలో ఈ ప్రభుత్వం ఉద్యోగం పోయినవాళ్ల కోసం తప్పనిసరి బీమా పెట్టింది. నెలకి 5 దిరాంలో, జీతం ఎక్కువైతే 10 దిరాంలో కట్టాలి. ఉద్యోగం పోతే మూల వేతనంలో 60 శాతం, గరిష్ఠంగా మూడు నెలలు ఇస్తారు. అది వచ్చినప్పుడు మేం దాన్నీ వదల్లేదు. "మన ఉద్యోగం విలువ ఒక టీ, ఒక సమోసా," అన్నది నేనే. తమ్ముడు వెళ్లేముందు చివరి శనివారం టీ తాగుతూ, "ఆ ఐదు దిరాంలే అన్నా, ఇల్లు సర్దుకునేదాకా అన్నం పెట్టింది," అన్నాడు. ఆ రోజు ఎవరూ జోకు వెయ్యలేదు.

అప్పుడు నా లెక్కలో తప్పు తెలిసింది. టీ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లని మాత్రమే లెక్కపెట్టి, ప్రతిసారీ మిగిలాం అనుకున్నాను. మిగలనివాళ్లు టీకి రారు కదా. లోయర్, హయ్యర్ పాసై టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మా వీధి మాస్టారు ఏమయ్యారో నేనెప్పుడూ అడగలేదు. నేను అమీర్‌పేటలో ఉన్నప్పుడు పక్క మేడ మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకున్న అమ్మాయిలు ఏమయ్యారు? నేను క్లౌడ్‌కి మార్చిన సర్వర్ గదిలో రాత్రి డ్యూటీ చేసిన మలయాళీ పెద్దాయన ఏమయ్యాడు? ప్రోగ్రామర్లు పోతారన్న జోస్యం ప్రతిసారీ తప్పిన మాట నిజం. ఎవరో ఒకరు ప్రతిసారీ పోయిన మాట కూడా నిజం. ఆ రెండోది మా జోకుల్లోకి రాలేదు.

ఈసారి అంకెలు కూడా వేరేగా ఉన్నాయి. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల, తమ కంపెనీ కోడ్‌లో 20 నుంచి 30 శాతం సాఫ్ట్‌వేరే రాస్తోందని 2025 ఏప్రిల్‌లో చెప్పాడు. మేనల్లుడు అడిగిన ఆ జులై చివర్లోనే టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తానంది. బ్రూక్స్ మాట ఇప్పటికీ సరైనదేనని నా నమ్మకం. ఏం కావాలో తేల్చే పని మిగులుతుంది. కానీ ఆ పని దగ్గరికి మేం చిన్న చిన్న పనులు చేసుకుంటూ చేరాం. ఆ చిన్న పనులే మెషీన్ తీసుకుంటే, కొత్తగా వచ్చే కుర్రాడు ఏ మెట్టు మీద కాలు పెడతాడు?

మర్నాడు పొద్దున్నే నాన్నకి ఫోను చేశాను. ఆయనకిప్పుడు డెబ్భై ఏడు. అక్కావాళ్ల ఇంటి కింద వాటాలో ఉంటారు.

"నాన్నా, మీరు ఆ రోజుల్లో మెషీన్ వద్దని బ్యాడ్జీ పెట్టుకున్నారు కదా..."

"వద్దని పెట్టుకున్నామని నీకెవర్రా చెప్పారు?" అన్నారు. "అది వస్తుందని మాకూ తెలుసు. ఎట్లా రావాలో మమ్మల్ని కూడా అడగమని పెట్టుకున్నాం. అడిగారు. మా బ్రాంచిలో ఎవరి ఉద్యోగమూ పోలేదు. నన్నే దాని మీద కూర్చోబెట్టారు, అలవెన్సు కూడా ఇచ్చారు."

"మరి వీఆర్ఎస్?"

కాసేపు మాట్లాడలేదు. 2001 ప్రాంతంలో ప్రభుత్వరంగ బ్యాంకుల నుంచి దాదాపు లక్ష మంది స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. అందులో నాన్న ఉన్నారు.

"అప్పటికి మాకు ఓపిక అయిపోయింది. కానీ అప్పుడు కూడా చేతిలో ఇంత పెట్టి పంపారు. ఆ డబ్బేగా నీ ఎమ్మెస్సీ, నీ అమీర్‌పేట హాస్టలు."

ఈ సంగతి నాకు తెలియక కాదు. ఎప్పుడూ ఈ వరసలో పేర్చి చూసుకోలేదు. కంప్యూటర్ మా నాన్నని ఇంటికి పంపింది, ఆయన తెచ్చుకున్న ఆ కాస్తా నన్ను కంప్యూటర్ దగ్గరికి పంపింది. ఆ సంఘాల బేరాల వల్ల కంప్యూటర్లు రావడం ఆలస్యమైంది, జనం క్యూల్లో నిలబడ్డారు. అది ఒప్పుకోవాల్సిందే. కానీ వాళ్లు ఆ బేరానికి కూర్చోవడానికి ఒక బల్ల సంపాదించుకున్నారు. వాళ్లకన్నా ఎక్కువ చదువుకున్నాం, ఎక్కువ జీతాలు తీసుకున్నాం, మాకు సంఘం ఏమిట్లే అనుకున్నాం. బల్ల దగ్గర మాకు ఒక్క టీ మిగిలింది.

మధ్యాహ్నం మేనల్లుడికి పెద్ద మెసేజి రాశాను. బ్రాంచి ఏదైనా ఫరవాలేదు, సీఎస్‌ఈ పెట్టుకో. వీడియోల్లో చెప్పేవాళ్ల మాట నమ్మకు, టీకొట్టు దగ్గర నవ్వే మా మాట కూడా నమ్మకు. మెషీన్ రాసింది చదివి తప్పు పట్టుకునేంత లెక్కలు, లాజిక్కు గట్టిగా నేర్చుకో. కొత్తది ఏదొచ్చినా, దీనివల్ల ఎవరి పని పోతోంది అని ముందు అడుగు. ఆ వరసలో నువ్వెంత దూరంలో నిలబడ్డావో చూసుకో, నీ ముందున్నవాణ్ణి చూసి నవ్వకు. ఒంటరిగా మాత్రం ఉండకు.

అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది.

"థాంక్స్ మామయ్యా. కానీ పొద్దున్నే సీఎస్‌ఈ పెట్టి ఫ్రీజ్ చేసేశా. తాతయ్య చెప్పాడు."

ఇప్పుడు మా శనివారం టీ ఒక గంట ఆలస్యంగా మొదలవుతుంది. ముందు గంట ఎవరికి ఏది వస్తే అది మిగతావాళ్లకి చెబుతున్నాం. మెయిన్‌ఫ్రేమ్ అన్న దగ్గర పాత బ్యాంకు సిస్టమ్స్ ఎలా ఆలోచిస్తాయో నేర్చుకుంటున్నాం. నేను మళ్లీ మాస్టార్నయ్యాను, ఈసారి అబద్ధం బోర్డు లేకుండా. టెస్టింగ్ తమ్ముడు రాజమండ్రి నుంచి వీడియోలో కూర్చుంటాడు. అతనికి ఇంకా సరైన పని దొరకలేదు. ఆ గంట అయ్యాక టీ వస్తుంది, జోకులూ వస్తాయి. మొన్న ఏదో కొత్త మోడల్ వచ్చిందని శాప్ బావ నోరు తెరవబోతుంటే, తమ్ముడు ఫోన్లోంచే అడ్డుపడ్డాడు.

"ఆగు బావా. ఈసారి మొదటి జోకు నాది."